పక్క మడి ఆకులు మోసిన కవరు

నేను ఒక ఖాకీ కాగితం కవరును. నర్సీపట్నంలో నాతోపాటు అంటించిన కవర్లన్నీ మిఠాయి కొట్లకు వెళ్లి కాజాలు మోశాయి. నన్ను మాత్రం ఆకులు పరీక్షించే ప్రయోగశాలకు పంపారు. ప్లాస్టిక్ సంచిలో ఆకులు చెమర్చి కుళ్లిపోతాయట, కాగితమే కావాలట. ఆ మాట విన్నాక కాజాల మీద బెంగ కొంత తగ్గింది.

అక్కడి అధికారి హైమవతి మేడం నన్ను లంబసింగి దగ్గర స్ట్రాబెర్రీ వేసిన బొంజుబాబుకు ఇచ్చారు. అతనూ భార్య సన్యాసమ్మా పదేళ్లు పరాయి తోటల్లో కూలి చేసి, ఆ ఏడే సొంతంగా అరెకరం నాటుకున్నారు. పూత వేళకు ఆకులు పాలిపోయాయి. పంట పోతే మళ్లీ కూలికే.

"తోటంతా తిరిగి, నలభై మొక్కల నుంచి పూర్తిగా విచ్చుకున్న లేత ఆకు ఒక్కొక్కటి కోయండి. మొక్కకు ఏం తక్కువైందో ఆకే చెబుతుంది" అన్నారు మేడం.

బొంజుబాబు తన ఆకులు చూసుకుని సిగ్గుపడ్డాడు. "ఈ రోగిష్టి ఆకులు ఆపీసుకి అంపితే మన పరువేటవ్వాల?" అని గొణుక్కుని, గట్టు దాటి బావ మడిలో నిగనిగలాడే ఆకులు కోసి నాలో నింపాడు. నా మీద తన పేరు రాయించి, నోటికి పిన్ను కొట్టించాడు. ఇక నేనేం చెప్పగలను!

పరీక్ష అయ్యాక ఫలితం కాగితం నాలోనే పెట్టి పంపారు. పోషకాలన్నీ సరిపడా ఉన్నాయి, ఎరువు అక్కర్లేదని అందులో ఉంది. ఆకులు ఎవరివో తెలిసిన బొంజుబాబే దాని మీది ఆఫీసు ముద్ర చూసి నమ్మేశాడు! ఎరువు మానేసి నన్ను ఊరంతా చూపించాడు. మనుషులకు తమ కళ్లకన్నా స్టాంపు పడిన కాగితం మీద గురి ఎక్కువ. తోట మాత్రం రోజురోజుకూ పసుపెక్కింది.

చివరికి సన్యాసమ్మ నిలదీసింది. "ఆపీసుకి అంపిన ఆకులు ఏ మడిలో కోసినావు?"

"మీ అన్న మడిలో."

"అయితే మా అన్న తోట బాగున్నాదని రాసినారు. మరి మన తోట మాటేటి?"

బొంజుబాబు తప్పంతా నాదే అన్నట్టు నా వైపు చూశాడు. నాకు ఒళ్లు మండింది.

సన్యాసమ్మ నన్ను దులిపి, తోటంతా వంకరటింకరగా నడిచి, మంచీ చెడూ ఎంచకుండా మొక్కకో ఆకు కోసింది. మేడం ముందు జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఈసారి నత్రజని బాగా తక్కువని తేలింది. డ్రిప్పు నీళ్లతో కొంచెం కొంచెంగా ఎరువు ఇచ్చారు. రెండు వారాల్లో కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి, పూత నిలిచింది. నాకెంత సంతోషమైందో!

తొలి కోతలో మేడానికని బొంజుబాబు పెద్ద కాయలే ఏరి నాలో వేస్తున్నాడు.

"చిన్నయి కూడా ఎయ్యి" అంది సన్యాసమ్మ. "మన తోట ఎలగున్నాదో మేడానికి అలగే తెలియాల."

మేడం బల్ల మీదికి చేరేసరికి రసం ఊరి నా అడుగు ఊడిపోయింది. మేడం అన్నిటికన్నా చిన్న కాయ నోట్లో వేసుకుని, పులుపుకు కళ్లు మూసుకున్నారు.

"అనుమానం లేదు బొంజుబాబూ, ఇది మీ తోటదే!"

తర్వాత నన్ను చెత్తబుట్టలో వేశారు. వేస్తే వేశారు. చివరిసారి నా మీద ఉన్న పేరూ, నాలో ఉన్న సరుకూ ఒక్కరివే.