జోడీ చీటీ

మర్నా హెగ్‌స్టాడ్ ముప్పై ఏళ్లు మా ఊరి ఆసుపత్రిలో నర్సు. తర్వాత అమెరికాలోని మా మోంటానా రాష్ట్ర శాసనసభ సభ్యురాలైంది. నేను చెబుతున్నది సభలో ఆమె ఏడో ఏటి సంగతి. ఎనిమిదేళ్లు దాటితే మళ్లీ నిలబడడానికి లేదు, సభ కూడేది రెండేళ్లకోసారి. అంటే ఆ వసంతమే ఆమెకు ఆఖరి అవకాశం. మా ఆసుపత్రిలో అత్యవసర విభాగం మూతపడకుండా నిధులిచ్చే బిల్లు ఆమెదే.

బడిలో చరిత్ర చెప్పి విరమించాక నేను రాజధానిలో సభ తలుపు దగ్గర పనికి కుదిరాను. నా భార్య ఎలీస్ చివరి వారం ఆ ఆసుపత్రిలోనే గడిచింది. ఎండిన ఆమె పెదవులను తడిగుడ్డతో అద్దుతూ రోజూ డ్యూటీ దిగాక కూడా ఒక గంట కూర్చున్నది మర్నాయే.

ఓటింగు రోజు లెక్క యాభై, యాభై. సరిసమానమైతే బిల్లు పోయినట్టే.

మర్నా కూర్చునేది ఆఖరి వరుసలో, నా తలుపు పక్కనే. ఆమె పక్క సీటు రోలండ్ ట్వైట్‌ది. పశువుల రైతు, మా పక్క లోయవాడు, ఆ బిల్లు పేరెత్తితేనే పడనివాడు. వసంతమైనా బయట ఇంకా మంచు పడుతోంది. భోజనం చేసి వచ్చిన రోలండ్ కాలరు చెమటతో తడిసిపోయి ఉంది. మర్నా అతని మొహం చూసింది. తర్వాత మెడ, తర్వాత గోళ్లు.

"దవడ లాగుతోందా, రోలండ్?"

"నీ ఉపన్యాసం విన్నప్పటినుంచీ లాగుతోంది."

"ఎడమ చెయ్యో?"

"క్యాంటీన్ చిల్లీ మంట, నర్సమ్మా. నన్ను లేపి పంపించేసి బిల్లు గెలుద్దామనా? నేను కదలను."

ఇంకా ముగ్గురు మాట్లాడాలి. అరగంట. ఆమె ఊరికే కూర్చుంటే చాలు. అతను కుర్చీలో కూలిపోతే యాభైకి నలభై తొమ్మిది. ఆ లెక్క ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఎలీస్ గది గుర్తొచ్చి, మర్నా నోరు మెదపకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను.

"వాల్టర్, జోడీ చీటీ ఒకటి పట్రా," అంది ఆమె నాతో.

ఎదురెదురు పక్షాల సభ్యులిద్దరు దాని మీద సంతకాలు చేసి ఇస్తే ఇద్దరూ ఓటు వెయ్యరు. ఒకరు లేచి వెళ్లినా రెండోవారికి లాభం ఉండదు. మర్నా ముందు తన సంతకం పెట్టింది.

"ఇదిగో, నాదీ పోయింది. ఇక లే."

"పిచ్చిదానివా? నీ బిల్లు చస్తుంది."

"ముందు నువ్వు చావకు. సంతకం పెట్టు."

కలం రెండుసార్లు జారాక అతను సంతకం పెట్టాడు.

అంబులెన్సు ఆరు నిమిషాల్లో వచ్చింది. బోర్డు మీద నలభై తొమ్మిది, నలభై తొమ్మిది అని వెలిగినప్పుడు మర్నా తల ఎత్తలేదు. పక్క కుర్చీలో అతను మరిచిపోయిన టోపీ దుమ్ము దులుపుతోంది.

మూడు వారాల తర్వాత, సభ ముగిసే రోజు, రోలండ్ తన సామాను కోసం వచ్చాడు. చిక్కిపోయాడు.

"ఇంకో పావుగంటైతే దక్కేవాణ్ని కాదట," అన్నాడు.

"మీ ఇంటినుంచి మా ఆసుపత్రికి ఎంతసేపు?" అని అడిగింది మర్నా.

"ఇరవై నిమిషాలు."

"అత్యవసర విభాగం జూలైలో మూసేస్తున్నారు. ఆ తర్వాత?"

అతను మనసులో దారులన్నీ తిరిగొచ్చాడు. "గంటా నలభై. మంచు లేకపోతే."

మర్నా అతని మణికట్టు మీద రెండు వేళ్లు ఉంచి, గోడ గడియారం వైపు చూసింది.

"ఏమంటోంది నాడి?" అన్నాడతను, నవ్వబోతూ.

"ఇంకో నిమిషం ఉండు," అందామె. వేళ్లు తియ్యలేదు.