ఏడు ముళ్లు

అరబ్బు దేశంలో, మబేలాలో సునీత పనిచేసే ఇంటి మేడం పేరు తయ్యబా. ఆ శుక్రవారం జెబెల్ షమ్స్ కొండ మీది పుట్టింటికి పోతూ, ఆమె సునీతనూ, ఊరి నుంచి విజిట్ వీసా మీద వచ్చిన సునీత కూతురు సింధూజనూ డ్రైవర్ నడిపే తన కారెక్కించుకుంది. సింధూజ పదో తరగతి అయిపోయిన పిల్ల. నలుగురిలో నోరు విప్పదు.

దారి పొడుగునా సునీతది ఒకటే గొడవ.

"ఆడ రాళ్ల కొట్టంల మేడం వాళ్లమ్మ మగ్గం ఉంటది. ఆమె పోయి తొమ్మిదేండ్లాయె. ఎక్కడ ఆపిందో ఆడనే ఉంచిన్రు. దాన్ని ముట్టినవో, నా డ్యూటీ ఖలాస్. ఇనబడ్తుందా?"

"ఇనబడ్తుందే."

"పద్మశాలోళ్ల బిడ్డవు. మగ్గం జూస్తె నీ చేతులు ఊకుంటయా అని నా భయం."

కొండ అంచున నిలబడితే లోయలో తిరిగే గద్దల వీపులు పైనుంచి కనిపించాయి. చిన్నపిల్లలు మేకవెంట్రుకలతో అల్లిన కీచెయిన్లు ముళ్లచెట్టుకు వేలాడదీసి అమ్ముతున్నారు. మేడం తండ్రి, ముసలాయన, సింధూజ చేతిలో ఖర్జూరాలు పోశాడు.

పొద్దు వాలుతుండగా మేడం చాప తెమ్మని సింధూజను కొట్టంలోకి పంపింది.

చాప మూలనే ఉంది. నేల మీద మాత్రం నాలుగు మేకులకు లాగి కట్టిన నల్లటి పడుగు పోగులు, సగం నేసిన కంబళి. ముట్టొద్దన్న మగ్గం అదే. ఒక పోగు తెగి, గాలి లేకపోయినా కదులుతోంది.

తెగిన పోగు ఎవరి కంటపడితే వాళ్లే పొద్దుగూకకముందే అతకాలి. చూసి కూడా వదిలేసి పోవడం, నానమ్మ రాములవ్వ లెక్కలో, అన్నం పారబోయడమే. సింధూజ ఆలోచించలేదు. కూర్చుంది. ముడి వేసి, కొసను నానమ్మలాగే ఎడమకు దోపింది. చాప పట్టుకుని వచ్చేసింది.

కాసేపటికి దీపం పెట్టడానికి లోపలికి వెళ్లిన ముసలాయన కేక వేశాడు. అందరూ పరుగెత్తారు.

పడుగు మీద ఏడు ముళ్లున్నాయి.

"ఎవరు ముట్టారు?" మేడం హిందీలో అడిగింది.

"నేనే మేడం, దుమ్ము దులపబోయి..." సునీత చేతులు జోడించింది.

"కాదమ్మా, నేను గట్టిన. ఒక్కటే గట్టిన," అంది సింధూజ.

"ఏడున్నయి గదనే!"

"ఒట్టు. ఒక్కటే."

సునీత సంగతి హిందీలో చెప్పాక, "నీది విప్పు," అంది మేడం.

సింధూజ వంగి చూసింది. అన్నిటి కొసలూ ఎడమకే దోపి ఉన్నాయి. తనది ఏదో తేలలేదు.

ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని ముళ్లన్నీ తడిమాడు. అరబీలో ఏదో అన్నాడు. మేడం ముఖం పాలిపోయింది.

"అమ్మ ముడి ఇలా ఉండేది కాదట. ఈ పిల్లను చూసి నేర్చుకుని మిగతా ఆరూ తనే వేసిందట. కంబళి పూర్తయ్యేదాకా పిల్లను ఇక్కడే ఉంచమంటున్నాడు." ఆమె సునీత వైపు తిరిగింది. "రెండు నెలలే. నీ పని ఎక్కడికీ పోదు. కాదంటే మాత్రం..."

"పోతే పోయె," అంది సునీత తెలుగులోనే. కూతురి రెక్క పట్టుకుని కారు దాకా ఈడ్చుకెళ్లి, లోపలికి తోసి, తనూ ఎక్కి తలుపులు లాక్ చేసింది. "బీడీలు జేసుకోనన్న బతుకుత. రేపే టికెట్ జూస్త."

డ్రైవర్ ఇంకా భోజనం దగ్గరే ఉన్నాడు. ఎదురుగా కొట్టం తలుపు తెరిచే ఉంది, లోపల దీపం వెలుగుతోంది. సింధూజ అటే చూస్తోంది. భయం వేయాల్సింది. వేయడం లేదు.

"అమ్మా, ఎనిమిదోది పడ్డదేమో. ఒక్కసారి జూసొస్తనే."

సునీత కూతురి రెండు మణికట్లనూ ఒడిలోకి లాక్కుని, తన బరువంతా వాటి మీద వేసి కూర్చుంది.