మరదలి పాటలో మూడో నిమిషం

చెప్పుకుంటే సిగ్గుచేటు. చెప్పకుండా ఉందామంటే అన్నం సయించడం లేదు. అందుకే చెప్పేస్తున్నాను, నాలుగు తిట్లు తిట్టాలనిపిస్తే తిట్టుకోండి.

నా ఉద్యోగం ఆస్పత్రిలో జనం చెవులు పరీక్షించడం. చప్పుడు చొరబడని చిన్న గదిలో వాళ్ళు కూర్చుంటారు. గాజు పలకకి ఇవతల కూర్చుని నేను మీట నొక్కుతాను. వినబడితే చెయ్యెత్తాలి. పదహారేళ్ళుగా ఇదే పని. దాంతో నా చెవికి తిరుగులేదని నాకో పొగరు. నాకే కాదు, మా ముఠాకీ అదే నమ్మకం. నన్ను "చెవి మాస్టారు" అనే పిలుస్తారు.

ముఠా అంటే మరీ ఊహించుకోకండి, ముగ్గురమే. నేను, రొట్టెల కార్ఖానాలో పొయ్యి దగ్గర పనిచేసే బన్ను, మా ఆవిడ చెల్లెలు. ముగ్గురికీ ఉన్న పిచ్చి ఒక్కటే, జెంట్. మెటల్ సంగీతంలో అదొక శాఖ. గిటారుకి ఆరు తీగలు చాలవన్నట్టు ఏడో, ఎనిమిదో వేసి, శ్రుతి బాగా కిందికి దించి, అరచేతి అంచుతో తీగని నొక్కిపట్టి కొడతారు. అప్పుడు మొరటుగా ఒక చప్పుడు వస్తుంది చూడండి, దాన్నిబట్టే ఆ పేరు. ఇనప బీరువాని మెట్లమీంచి దించుతున్నట్టుంటుందని మా ఆవిడ అంటుంది. అననీండి. అసలు మజా చప్పుడులో లేదు, లెక్కలో ఉంది. తాళం బుద్ధిగా నాలుగు నాలుగుగా పోతుంటే, గిటారు మాత్రం పదిహేడు దెబ్బలకో పందొమ్మిది దెబ్బలకో ఒకసారి మొదటికొస్తుంటుంది. రెండూ ఎక్కడో దూరంగా పోయి కలుస్తాయి. కలిసిన చోట బల్లమీద చరవాలి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం బన్ను గదిలో మా ఆట ఇదే. తప్పు చోట చరిచినవాళ్ళు టీ పెట్టాలి. మూడేళ్ళలో నేను టీ పెట్టింది రెండేసార్లు. ఆ రెండూ కూడా ఫోను మోగి చెడిపోయాయని ఇప్పటికీ వాదిస్తాను.

బన్నూ నేనూ వినేవాళ్ళమే. మరదలు వాయిస్తుంది. ప్రెస్సులో కాయితాలు కోసే మిషను మీద పని ఆమెది. పొద్దంతా కత్తి కింద వేళ్ళు కాపాడుకుని, సాయంత్రం వాటిని తెచ్చి తీగలకి అప్పజెబుతుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తొమ్మిదేళ్ళుగా ఒక్కతే కూర్చుని కుస్తీ పట్టింది. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి. "ఒక్కసారి నలుగురితో కలిసి వాయించాలి బావా, కంప్యూటర్లో డ్రమ్ములతో కాదు, మనుషులతో," అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

ఆ మనుషులు నా ద్వారానే దొరికారు. చెవిలో ఒకటే మోత అని నా దగ్గరికొచ్చిన ఒకాయన డ్రమ్మరు. ఇద్దరిదీ ఒకటే పిచ్చి అని తెలిశాక పరీక్ష పావుగంటలో అయింది, కబుర్లు గంట నడిచాయి. వాళ్ళ బృందంలో గిటారిస్టు వెళ్ళిపోయాడట. నేను మరదలి సంగతి చెప్పాను. "ఒక్క పాట పంపించండి. శుక్రవారంలోగా. మీరు విని, బాగుందని మీకనిపిస్తేనే పంపండి. మీ చెవిమీద నాకు నమ్మకం," అన్నాడు. ఆ మాటకి నేను ఒక అడుగు ఎత్తు పెరిగానంటే నమ్మండి.

గురువారం మధ్యాహ్నం మరదలు పాటని చిన్న మెమరీ కార్డులో వేసి ఆస్పత్రికి తెచ్చింది. ఆరు నిమిషాల పాట. "కార్డు మళ్ళీ కావాలి, ప్రెస్సువాళ్ళది. ఇప్పుడే ఎక్కించేసుకోండి," అని నా పక్కనే నిలబడింది. ఫైలు పెద్దది, మెయిల్లో పట్టలేదు. ఏంచేశానంటే, మా పాత కంప్యూటర్లోనే, స్పీకరు కట్టేసి, పాట మోగిస్తూ, అదే కంప్యూటర్లో చిన్న సైజులో మళ్ళీ రికార్డు పెట్టాను. ఈలోపు లోపల గదిలో పేషెంటు కూర్చున్నాడు. అతని రిపోర్టు అదే కంప్యూటర్లోంచి ప్రింటు ఇచ్చాను. అది ముక్కుతూ మూలుగుతూ ఒక నిమిషం బిగుసుకుపోయి, మళ్ళీ కదిలింది. దాని సంగతి నాకు మామూలే కదా, పట్టించుకోలేదు. రికార్డయినదాన్ని నా ఫోన్లోకి ఎక్కించుకున్నాను. కార్డు ఇచ్చేశాను.

సాయంత్రం ఇంట్లో విన్నాను. బ్రహ్మాండం. మూడో నిమిషం దాకా బ్రహ్మాండమే. అక్కడ ఏమైందంటే, గిటారు ఒక ముక్కని పట్టుకుని తిప్పింది, తిప్పింది, వదల్లేదు. విడ్డూరమేమిటంటే డ్రమ్ము కూడా తాళం వదిలేసి గిటారుతో పాటే విరిగింది! నాకు ఒళ్ళు ఝల్లుమంది. వెనక్కి తిప్పి లెక్కపెట్టాను. ఇరవై మూడు. మళ్ళీ ఇరవై మూడు. తర్వాత తొమ్మిదికే తెంపేసి ఒక్క దూకు! ఎవరికొస్తుంది అంత తెగువ? నాలుగుసార్లు విన్నాను, కాయితం మీద గీతలు గీశాను.

మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ, "ఏవండీ, అది ఎక్కడో ఇరుక్కుపోయినట్టుంది, చూసుకోండి," అంది.

"నీకు బీరువా చప్పుడు తప్ప ఏం వినబడుతుందే? వెళ్ళి నీ పని చూసుకో," అన్నాను. నవ్వాను కూడా.

మెయిలు రాశాను. పేజీన్నర. "మూడో నిమిషం దగ్గర తాళాన్నే బద్దలుకొట్టిన తీరు చూడండి. ఇరవై మూడు దెబ్బల చక్రం, తొమ్మిది దగ్గర తెగుడు. ఈ అమ్మాయి సత్తా అంతా అక్కడే ఉంది," అని. పంపి, మరదలికి ఫోను చేశాను. "మూడో నిమిషం దగ్గర చంపేశావు పో!"

"అబ్బ, పట్టేశారా! అది మీకు కూడా దొరకదనుకున్నాను," అని చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. ఏది పట్టేశానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మంగళవారం జవాబొచ్చింది. "మొదట్లో చాలా బాగుంది. మూడో నిమిషం దగ్గర తాళం టైము పూర్తిగా పోయింది. మీరు దాన్నే ఎందుకు మెచ్చుకున్నారో మాకు అర్థం కాలేదు. క్షమించండి, ఇంకొకరిని చూసుకుంటాం." వీళ్ళకేం తెలుసు మట్టి, అని నాలో నేను రుసరుసలాడాను. నన్ను ఎత్తిపొడిచిన ముక్క మింగేసి, మిగతాది మరదలికి చెప్పాను. "టైము పోయిందన్నారా? నాదా?" అంది.

ఆదివారం ఆమె తన లాప్‌టాప్ చంకలో పెట్టుకుని బన్ను గదికొచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. "ముగ్గురం కలిసి వినండి. ఎక్కడ పోయిందో చూపించండి. నాకు దొరకడం లేదు," అంది.

పాట మొదలైంది. మూడో నిమిషం వచ్చింది. ఇరవై మూడు దెబ్బలు రాలేదు. గిటారు నిక్షేపంగా నడిచింది, ఒకచోట సరిగ్గా ఒక్క దెబ్బంత ఖాళీ వదిలి, ఆ నిశ్శబ్దంలోంచి మళ్ళీ అందుకుంది. తాళం చెక్కుచెదరలేదు. కలవాల్సిన చోట రెండూ కలిశాయి. బన్ను బల్లమీద చరిచాడు. సరిగ్గా చరిచాడు.

ప్రింటరు, బిగుసుకుపోయిన కంప్యూటరు, నా కాయితం మీద గీతలు, పేజీన్నర మెయిలు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నేను ఒళ్ళు ఝల్లుమని విన్నది కంప్యూటరు నత్తి. పదహారేళ్ళ చెవి!

"బానే ఉందిగా. ఏం పోయింది?" అన్నాడు బన్ను. ఇద్దరూ నావైపు చూశారు.

అప్పుడైనా చెప్పొచ్చు కదండీ. నోట్లో మాట. "తప్పు నాది తల్లీ," అంటే అయిపోయేది. కానీ ఆ ఇద్దరి మొహాలు చూస్తే, ఇక రేపట్నుంచి నేను ఎవరిని అనిపించింది. నా వేలు నాకు తెలియకుండానే లేచింది. "ఇక్కడ. ఈ ఖాళీ తర్వాత. రవ్వంత వెనకబడ్డావు," అన్నాను.

మళ్ళీ పెట్టింది. విన్నారు. "ఆఁ... అవును మాస్టారూ, ఇప్పుడు తెలుస్తోంది," అన్నాడు బన్ను, పాపం. తెలియడానికి అక్కడేముందని?

మరదలు పెన్సిలు తీసి ఆ చోటు రాసుకుంది. "నేను దీన్నే బాగా చేశాననుకున్నాను బావా. చూశారా, మనకి మనం వినబడం," అంది. ఆ పూట టీ నేనే పెట్టాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత రెండు వారాలు పనుందని ఆదివారాలు ఎగ్గొట్టాను. మా ఆవిడ చెల్లెలింటికి వెళ్ళొచ్చి చెప్పింది: "ఏం పాటో ఏమో, ఒకటే ముక్క, ఒకటే ముక్క! మణికట్టుకి గుడ్డ చుట్టుకుని మరీ వాయిస్తోంది. ఎందుకే అంటే, బావ చెప్పాడు, నా తప్పు అక్కడుంది అంటోంది. కాస్త మీరైనా చెప్పండి."

నేను పెరట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఊరికే చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను. తర్వాత డ్రమ్మరుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "అయ్యో, ఆ అమ్మాయినే తీసుకుందామని మావాళ్ళు ఇద్దరు పట్టుబట్టారండీ. మొన్న బుధవారమే ఇంకొకర్ని ఖాయం చేశాం. ఆ ఆదివారం ఒక్క ఫోను చేసుంటే వినేవాళ్ళం," అన్నాడు.

మర్నాడు సాయంత్రం మరదలింటికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆమె మొహం వెలిగింది. "సరిగ్గా టైముకొచ్చారు! కూర్చోండి, వినండి, కుదిరింది." గిటారు మెళ్ళో వేసుకుంది, మణికట్టుకి గుడ్డ అలాగే ఉంది. ఆ ముక్క వాయించింది. ఖాళీ లేదు. వెనకబడకూడదని ఆ నిశ్శబ్దాన్ని తొక్కేసి, ముందే వచ్చి పడిపోతోంది. పాటలో ప్రాణమున్న చోటు పోయింది. "ఇప్పుడు సరిగ్గా ఉందా బావా?" అంది.

"లేదు," అన్నాను. చెప్పాను. ప్రింటరు దగ్గర్నుంచి డ్రమ్మరు ఫోను దాకా, ఏదీ దాచకుండా, కాళ్ళ దగ్గరున్న వైరునే చూస్తూ చెప్పాను.

ఆమె నవ్వింది. "నన్ను ఓదార్చడానికి మీరు ఇంత కథ అల్లక్కర్లేదు. అంత తప్పు మీ చెవి ఎప్పుడు చేసింది కనుక?"

ఇంతకంటే శిక్ష ఉంటుందా చెప్పండి. నిజం చెబితే, దాన్ని కూడా నా మంచితనం కింద జమకట్టింది! ఫోను తీసి, నేను పంపిన మెయిలు తెరిచి ఆమె చేతికిచ్చాను. పేజీన్నరా చదివింది. తర్వాత ఆ ఫైలు మోగించింది. ఇరవై మూడు. ఇరవై మూడు. తొమ్మిది. ఆమె మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు.

"అంటే, నేను సరిగ్గానే వాయించాను," అంది చివరికి.

"సరిగ్గానే వాయించావు."

"ఆదివారం మీకు తెలుసు."

"తెలుసు."

తిడుతుందనుకున్నాను. గిటారు సర్దుకుంది. కళ్ళు మూసుకుని, పాత పద్ధతిలో, ఖాళీతో, ఆ ముక్క మొదలుపెట్టింది. బాగా వచ్చింది, బాగా వచ్చింది, ఖాళీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముందే పడిపోయింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే. మూడోసారి ఆ ఖాళీ కోసం పళ్ళు బిగపట్టి ఆగి చూసింది, ఈసారి నిజంగానే వెనకబడింది. నేను వేలు పెట్టి చూపించిన చోటే, నేను చెప్పినట్టే, రవ్వంత.

ఆమె తీగల మీద అరచెయ్యి ఆనించి చప్పుడు ఆపేసింది. "ఇప్పుడు తప్పుతున్నాను బావా," అంది.