కాదన్న చెయ్యి

డిబేట్ కోసం రాసుకుంటున్న తన కాగితాలు ఎవరో తీసి చదువుతున్నారని లహరికి మూడో రోజున అర్థమైంది. పేజీల వరస తప్పింది. సిరియా గురించి రాసుకున్న చోట తడి వేలు తగిలి సిరా అలుక్కుపోయింది. ఇంట్లో ఉండేది ముగ్గురే. అమ్మ ఎరుకమ్మకు చదువు రాదు. ఇక మిగిలింది నాన్న.

అది 2012 ఆగస్టు. లహరి పోర్ట్‌బ్లెయిర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ డిబేట్‌కి ఆమెను ఎంపిక చేశారు. సిరియా అంతర్యుద్ధంలో బయటి దేశాలు కలగజేసుకోవాలా, భద్రతామండలిలో ఐదు దేశాలకున్న వీటో తీసెయ్యాలా అన్నది అంశం. అంతకు ముందు నెలలోనే రష్యా, చైనా కలిసి మూడోసారి తీర్మానాన్ని ఆపేశాయి. లహరిది కలగజేసుకోవాలి, వీటో పోవాలి అనే పక్షం. ఎదుటి పక్షం రంగత్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మణికుమార్‌ది.

నాన్న గణేశ్వరరావు హాడో జెట్టీలో ఓడల సరుకు దించే కూలీలకు మేస్త్రీ. కూతురు ఏం చదువుతోందో ఎప్పుడూ అడిగిన మనిషి కాదు. ఈసారి మాత్రం మూడుసార్లు అడిగాడు.

"ఈ సబ్జెక్ట్ ఎవరిచ్చార్రా నీకు?"

"మా సార్."

"ఆయన ఎప్పుడైనా హట్‌బేలో పనిచేశాడా?"

సిరియాకీ హట్‌బేకీ ఏం సంబంధమో లహరికి తోచలేదు. హట్‌బే దక్షిణాన మరో దీవిలో ఉన్న రేవు ఊరు. సునామీకి ముందు నాన్నకు అక్కడ కిరాణా కొట్టుండేది. లహరి అప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో నాయనమ్మ దగ్గరుండి చదువుకునేది. సముద్రం కొట్టు తీసుకుపోయాక నాన్న, అమ్మ కొన్నాళ్ళు గుట్టమీద క్యాంపులో ఉండి, పోర్ట్‌బ్లెయిర్‌లోని డైరీ ఫార్మ్ అనే పేటకి వచ్చి స్థిరపడ్డారు. ఆ క్యాంపు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

మన ద్వీపాల నుంచే ఒక ఉదాహరణ చెబితే బాగుంటుందని సార్ అన్నాడు. లహరి అమ్మను అడిగింది.

"సునామీ అప్పుడు బయటివాళ్ళు సాయానికి వచ్చారా అమ్మా?"

ఎరుకమ్మ బియ్యంలో రాళ్ళేరుతున్నది ఆపి వీధి తలుపు వైపు చూసింది. "నాకేటి గుర్తు? మీ నాన్ననడుగు. వద్దులే, అడక్కు."

స్నేహితురాలు చాందినికి ఈ మాట చెబితే, "జంగ్లీఘాట్ మచ్లీ మార్కెట్లో బుల్లెమ్మ అని ఒకావిడ ఉంటుంది. హట్‌బే క్యాంపులో మనవణ్ణి పోగొట్టుకుందట. డాక్టర్లొస్తే వెనక్కి పంపేశారని ఇప్పటికీ తిడుతుంటుంది" అంది.

ఆదివారం పొద్దున్న లహరి మార్కెట్‌కి వెళ్ళింది. బుల్లెమ్మ ఎత్తుపీట మీద కూర్చుని చేప పొలుసు తీస్తోంది. లహరి అడిగినదంతా విని, కత్తి ఆపకుండానే ఆమెను ఎగాదిగా చూసింది.

"ఎవులు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు అమ్మమ్మా. కాలేజీలో డిబేట్ ఉంది."

"ఎనిమిదేళ్ళకి కాలేజీవోల్లకి గుర్తొచ్చినామా?" అని కాసేపు పని చేసుకుంది. ఆ తర్వాత తనంతట తనే మొదలుపెట్టింది. "క్యాంపులో నలుగురు పెద్దలుండీవోరు. తెలుగోల్లకొకడు, బెంగాలీలకొకడు, తమిళులకొకడు, రాంచీవోల్లకొకడు. తగువులు రాకుండా ఒక కట్టుబాటెట్టుకున్నారు. నలుగుర్లో ఒక్కడు కాదన్నా ఆ పని ఆగిపోవాల. నాలుగో రోజున తెల్ల బోటు మీద డాక్టర్లొచ్చినారు. ఇద్దరు దొరలూ, మనోల్లూ. మా నూకన్నకి వాంతులూ బేదులూ. నాలుగేళ్ళ గుంటడు. ముగ్గురు పెద్దలు సరే అన్నారు. తెలుగోల్ల పెద్ద సెయ్యెత్తి వొద్దన్నాడు. ఎందుకని అడక్కుండా ముగ్గురూ లేసెల్లిపోయినారు. అంతే, బోటు ఎల్లిపోయింది. ఆర్రోజున గుంటడూ ఎల్లిపోయాడు."

"ఎందుకు వద్దన్నాడు?"

"ఆడి కొట్లోంచి తెచ్చిన మందులు దాచుకున్నాడనీ, అయ్యి అమ్ముకోడానికే వొద్దన్నాడనీ జనం అన్నారు. నాను సూడలేదు."

హట్‌బేలో కొట్టుండి ఆ క్యాంపుకి చేరిన తెలుగువాళ్ళు ఎందరుంటారు అనుకుంది లహరి.

"మీ నాన్న పేరేటి?" అని బుల్లెమ్మ అడిగింది.

"గణేశ్వరరావు."

కత్తి ఆగింది. "అయితే ఆడినే అడుగు. ఫో."

లహరి ఇంటికి పోలేదు. తిన్నగా హాడో బస్సెక్కింది. చెన్నై నుంచి వచ్చిన ఓడ నుంచి సిమెంటు దించుతున్నారు. గణేశ్వరరావు షెడ్డు కింద నిలబడి కూలీలను కేకలేస్తున్నాడు. కూతుర్ని చూడగానే కేకలు ఆపేశాడు.

"ఆ ముసిల్దాన్ని కలిశావు."

"నీకెలా తెలుసు? నా వెనకే తిరుగుతున్నావా?"

"అక్కర్లేదు. నీ మొహంలోనే ఉంది. ఈ ఊళ్ళో ఆ సంగతి ఇంకా మాట్లాడేది ఆవిడొక్కతే."

"నా కాగితాలు ఎందుకు తీశావు?"

"నా పేరు అందులో ఉందేమోనని."

గణేశ్వరరావు ఆమెను సిమెంటు దుమ్ములోంచి గోడ వారకు తీసుకెళ్ళాడు.

"వాళ్ళు బోటు దిగి మొట్టమొదట ఏం అడిగారో బుల్లెమ్మ చెప్పిందా? తల్లీ తండ్రీ లేని పిల్లలు ఎంతమంది అని. జబ్బు ఎవరికని కాదు. పేర్లు రాసిమ్మన్నారు, ఫోటోలు తీశారు. పర్మిషన్ కాగితం చూపించండి భయ్యా అంటే, బోటులో ఉంది అన్నాడొకడు, పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది అన్నాడు ఇంకొకడు. అనాథ పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని అప్పుడు ఎక్కడ చూసినా అదే మాట. మా క్యాంపులో అలాంటి పిల్లలు పదకొండు మంది. మర్నాడు గవర్నమెంట్ షిప్పు వస్తుందని వైర్‌లెస్‌లో చెప్పారు. ఒక్క రోజే కదా అనుకున్నాను. సముద్రం బాగోలేక రెండ్రోజులు పట్టింది."

"వాళ్ళు నిజంగా డాక్టర్లేనా?"

"ఇవాల్టికీ తెలీదు. ఓడల మీద వచ్చే ప్రతివాణ్ణీ అడిగాను. ఆ బోటు సంగతి ఎవరికీ తెలీదు."

లహరి అడగకూడదనుకుంటూనే అడిగింది. "మన కొట్లో మందులున్నాయా నాన్నా?"

"కొట్లో గోడలే మిగల్లేదు. ఆ మాట నువ్వు కూడా నమ్మావా?"

జవాబు కోసం ఆగకుండా ఆయన కూలీల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా తండ్రీ కూతుళ్ళు ఒకరి ఎదుట ఒకరు పడకుండా తిరిగారు. ఎరుకమ్మ ఇద్దరికీ విడివిడిగా అన్నం పెట్టింది.

శుక్రవారం డిబేట్ జరిగింది. బయట జోరున వాన. మణికుమార్ ముందు మాట్లాడాడు. కిందటేడు లిబియాలో జనాన్ని కాపాడతామని విమానాలు పంపినవాళ్ళు ప్రభుత్వాన్నే కూల్చేశారన్నాడు. "సాయం చేస్తామని వచ్చేవాడి సంచీలో ఏముందో ఎవరు చూస్తారు? వీటో లేకపోతే బలమున్నవాడు ఏ ఇంట్లోకైనా దూరతాడు. కాదనే చెయ్యి ఒక్కటైనా ఉండాలి" అన్నాడు. హాలు చప్పట్లతో మోగింది. మణికుమార్ మాటలు నాన్న మాటల్లాగే వినిపించాయి లహరికి.

ఆమె వంతు వచ్చింది. రాసుకున్న కాగితాలను బల్ల మీదే వదిలేసి హిందీలో మొదలుపెట్టింది. క్యాంపు కథ చెప్పింది. పేర్లు చెప్పలేదు.

"ఆ పెద్దమనిషి భయం అబద్ధమని నేను అనలేను. సిరియా విషయంలో రష్యా అనుమానం కూడా ఉత్తిది కాకపోవచ్చు. కానీ ఆయన చెయ్యెత్తగానే మిగతా ముగ్గురూ లేచి వెళ్ళిపోయారు. ఒక్కడు కాదంటే చాలన్నది కట్టుబాటు కాబట్టి, ఎందుకని ఎవరూ అడగలేదు. పిల్లల జాబితా ఇవ్వం, జబ్బుపడ్డవాణ్ణి మాత్రం మా కళ్ళముందు చూడండి అని ఎవరికీ తోచలేదు. వీటో చేసే చెడు ఇదే. అది ఒక్కణ్ణే కాదనమంటుంది, మిగతావాళ్ళను ఆలోచించడం మానేయమంటుంది."

మణికుమార్ లేచాడు. "ఒక్క ప్రశ్న. ఆ బోటులో వచ్చినవాళ్ళు మంచివాళ్ళేనా?"

"తెలీదు."

"తెలీకుండా మీ పిల్లల్ని అప్పగిస్తారా?"

"అప్పగించమనడం లేదు. పక్కన కూర్చుని కనిపెట్టమంటున్నాను. వాళ్ళెవరో తెలుసుకునే వీలు కూడా లేకుండా పోయింది. అదీ నా బాధ."

మొదటి బహుమతి మణికుమార్‌కే ఇచ్చారు. తీర్పు విన్నాక లహరి తలెత్తి చూస్తే, వెనక తలుపు దగ్గర తడిసిన చొక్కాతో నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. తన పేరు చెబుతుందేమోనని కాపలా కాయడానికి వచ్చాడా అని ఒక్క క్షణం అనుమానం తొలిచింది.

బయటికి వచ్చాక ఆయనే మాట్లాడాడు. "ఆ ముగ్గురూ ఆరోజు నా మొహం చూశారు. వాళ్ళలో ఒక్కడు నాతో పోట్లాడినా ఒప్పుకునేవాణ్ణేమో." కాసేపటికి, "జంగ్లీఘాట్ పోదాం రా" అన్నాడు.

సాయంత్రం బేరాల వేళ. బుల్లెమ్మ వాళ్ళిద్దర్నీ చూసి లహరితో అంది, "ఆడ్ని తోలుకొచ్చినావేటి? ఇంకా రాసుకోడానికేమన్నా మిగిలినాదా?"

"నేనే వచ్చాను బుల్లెమ్మా" అన్నాడు గణేశ్వరరావు. "వద్దన్నది నేనే. మందులేవీ దాచలేదు. నా పిల్ల మీద ఒట్టు."

"మందుల సంగతి నాకెందుకు? ఒక్కటే అడుగుతాను. నా గుంటడికి బాగోలేదని, నువ్వు సెయ్యెత్తినప్పుడు నీకు తెలుసా?"

లహరి తండ్రి వైపు చూసింది. ఈ ప్రశ్న తను అడగలేదు.

గణేశ్వరరావు తల వంచుకున్నాడు. "తెలుసు. పొద్దున్నే నువ్వు వాణ్ణి భుజానేసుకుని తిరగడం చూశాను. ఒక్క రోజు ఆగగలడనుకున్నాను."

చేపలు కొనడానికి వచ్చిన మనిషి ధర అడిగి, ఎవరూ పలక్కపోయేసరికి వెళ్ళిపోయాడు. బుల్లెమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"తెలీదని అబద్ధమాడతావనుకున్నాను. ఆడితే ఈ కత్తి నీ మీదే ఇసిరీదాన్ని." ఆమె కత్తి పక్కన పడేసింది. "ఎల్లు. ఇయ్యాలకి ఎల్లిపో. నాకు సూడబుద్ధేయటం లేదు."

ఇద్దరూ వానలో బస్టాపుకి నడిచారు. తెలుసు అన్న మాటే లహరి చెవుల్లో తిరుగుతోంది. హాడోలో ఇదొక్కటీ నాన్న తనకు చెప్పలేదు. ఇంకేమేం చెప్పలేదో. అడుగుదామని నోరు తెరిచింది. పక్కన చూస్తే ఆయన ఏడుస్తున్నాడు.

ఆ తర్వాత గణేశ్వరరావు ఆదివారాలు జంగ్లీఘాట్ వెళ్ళసాగాడు. మొదటి రెండు వారాలు బుల్లెమ్మ కసిరి పంపేసింది. మూడో వారం కసరలేదు. ఐస్ పెట్టె ఎత్తబోతుంటే ఆయన ఒక వైపు పట్టుకున్నాడట, ఆవిడ వద్దనలేదట. ఇంటికొచ్చి ఎరుకమ్మతో చెబుతుంటే లహరి విన్నది.