అతుకు మీది తేదీ

బావమరిది గిటారు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టగానే, గిటార్లు బాగుచేసే మేస్త్రికి కడుపు మండింది. పన్నెండేళ్లుగా మండుతూనే ఉందనుకోండి, ఇప్పుడా మంటకి కారణమే ఎదురుగా వచ్చి కూర్చుంది. లోపలంతా బోలుగా ఉండే పాతకాలపు ఎలక్ట్రిక్ గిటారు. తేనెరంగు, రెండు పక్కలా వంకీ తిరిగిన రంధ్రాలు. వాయించడమూ బాగుచేయడమూ ఇద్దరూ ఒకే గురువుగారి దగ్గర నేర్చుకున్నారు. పోతూ పోతూ ఆయన గిటారు చిన్నవాడికి ఇచ్చారు, పెద్దవాడికి పనిముట్ల పెట్టె ఇచ్చారు. ఆ పెట్టెతోనే కొట్టు పెట్టుకుని బతుకుతున్నా, మేస్త్రి దాన్ని ఏనాడూ ప్రేమగా తెరిచింది లేదు.

"శ్రుతి నిలవడం లేదు బావా. లోపల ఏదో గరగరమంటోంది. నువ్వు పోయిందంటే పోయినట్టే," అన్నాడు బావమరిది.

ఆ మాటతో మేస్త్రికి పాడుబుద్ధి పుట్టింది. పోయిందంటే చాలు, ఇక్కడే వదిలేసి పోతాడు. వాడికి బావ మాట వేదవాక్కు. ఒక కన్ను మూసి మెడ వంగిందేమో చూశాడు. వంగలేదు. వార్నిషు సన్నగా బీటలు వారింది, ఆ వయసుకి అదే అందం. అంత అపురూపంగా చూసుకున్నందుకు కూడా వాడి మీద ఒళ్లు మండింది.

తీగలు వదులు చేసి, వాటి కింద నాదాన్ని పట్టే పికప్ విప్పి, ఆ సందులోంచి చిన్న బల్బూ, పళ్ల డాక్టర్లు వాడే అద్దమూ లోపలికి దించాడు. పైచెక్క అడుగున ఒక అతుకు కనిపించింది.

అది తను వేసిందే. శిష్యరికం రోజుల్లో, గురువుగారు లేనప్పుడు, ముట్టుకోవద్దన్న గిటారు ముట్టుకుని కింద పడేశాడు. చెక్క లోపలివైపు చీలితే గుట్టుచప్పుడు కాకుండా దాని మీద చిన్న చెక్కముక్క అతికించాడు. వేసే ప్రతి అతుకు మీదా, అతికించే ముందే తేదీ, పేరులో మొదటి అక్షరం రాయాలన్నది గురువుగారి నియమం. దొంగపనిలో కూడా అలవాటు కొద్దీ ఆ రెండూ రాసి మరీ అతికించాడీ ఘనుడు.

ఆ పక్కనే తనెన్నడూ చూడని కాగితం ముక్క అంటించి ఉంది. గురువుగారి దస్తూరి. అద్దంలో తిరగబడ్డ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"పడేసింది ఎవరో తెలుసు. ఇంత బాగా నాకూ కుదరదు. పనిముట్లు వీడికే."

మేస్త్రి ఆ మూడు ముక్కలూ మళ్లీ మొదటినుంచి చదివాడు. ఆ తర్వాతే అద్దాన్ని తీగల్ని మోసే బ్రిడ్జి వైపు తిప్పాడు. గరగరమంటున్నది బ్రిడ్జి కింద వదులైన మర, అంతకు మించి ఏమీ లేదు.

"పోయిందా బావా?"

పోయిందనడానికి ఇంకా వీలుంది. ఆ కాగితం చూశాక గిటారు మీద ఆశ రెట్టింపయింది కూడా. కానీ పోయిందనాలంటే అతుకు ఊడిందని చెప్పాలి. గురువుగారు మెచ్చిన అతుకు.

"చెక్క ఉక్కులా ఉంది. మర వదులైంది, బిగిస్తాను," అన్నాడు.

బావమరిది సంబరపడిపోయి, తనూ ఓసారి చూస్తానని అద్దానికి చెయ్యి చాపాడు. మేస్త్రి బల్బు ఆర్పేశాడు.

"దుమ్ము తప్ప ఏముంటుందిరా అందులో."