ముందొకసారి లాగిన రబ్బరు

తోడల్లుళ్ళిద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. ఒకే బండిమీద వచ్చేవారు. దారి పొడవునా మాట ఉండేది కాదు.

యంత్రాల కింద వేసే రబ్బరు దిమ్మలు అక్కడ తయారవుతాయి. పెద్దల్లుడిది పరీక్ష గది. అంతకుముందు ఇనుప కడ్డీలు లాగి పరీక్షించి కాయలు కాచిన చేతులు. చిన్నల్లుడిది లెక్క. అతని లెక్కలో రబ్బరంటే బండి షాకబ్జార్బరే. సగం స్ప్రింగు, సగం నూనె. బరువు వేలాడదీస్తే స్ప్రింగు వెంటనే సాగుతుంది, నూనె నింపాదిగా దారిస్తుంది. ఆ రెంటినీ సమీకరణంలో పెట్టి, దిమ్మ ఏళ్ళు గడిచాక ఎంత కుంగుతుందో ముందే చెప్పాలి.

చెప్పాడు. పరీక్షలో బరువు వేలాడదీసిన రబ్బరు ముక్క అంత సాగలేదు. ప్రతిసారీ కాగితం మీద పరీక్ష గీత అతని లెక్క గీతకు కిందుగానే నడిచింది.

"ఈ పూట తేల్చండి," అన్నాడు మేనేజరు పరీక్ష గదిలో నిలబడి, చిన్నల్లుణ్ణి చూస్తూ. "లెక్క కలవకపోతే నీ కుర్చీ దండగ."

"నేను మొదట్నించీ అదే మొత్తుకుంటున్నా సార్," అన్నాడు పెద్దల్లుడు. "మావాడు కాగితమ్మీద పులి. రబ్బరుకి చదువు రాదాయె."

చిన్నల్లుడు అతని వైపు తిరిగాడు. "బరువు వేలాడదీసే ముందు ముక్కని ఒకసారి లాగి వదులుతున్నారా అన్నయ్యా?"

"లేదు. నీ లెక్క తప్పితే నా చేతులకి అంటగడతావేం? మామగారింట్లోనూ ఇదే వేషం. అన్నం మాడితే పొయ్యిది తప్పంటావు."

"లాగి వదిలిన రబ్బరు వెంటనే మొదటికి రాదు సార్," అన్నాడు చిన్నల్లుడు మేనేజరుతో. "ఇంకా ముడుచుకుంటూనే ఉంటుంది. అప్పుడు బరువేస్తే అటు సాగడం, ఇటు ముడుచుకోవడం. మనకి కనపడేది రెండూ కలిసింది, అందుకే తక్కువ సాగినట్టుంటుంది. ముందొక లాగుడు ఉందనుకుని మళ్ళీ లెక్క కట్టాను. గీత మీద గీత పడింది."

"అంటే నేను అబద్ధాలకోరునా?"

మేనేజరు విసుక్కున్నాడు. "కొత్త ముక్క బిగించవయ్యా. నా ఎదురుగా."

పెద్దల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. ముక్క పై కొసకి పట్టు బిగించాడు, కింది కొసకి పట్టు బిగించాడు. నోరు మాత్రం ఆగలేదు. "వచ్చిననాటి నుంచీ నా గది మీదే కన్ను. మా మరదలి దగ్గర గొప్పలు పోవాలిగా మరి."

అంటూనే అతని చెయ్యి పక్కనున్న మీట మీదికి పోయింది. నొక్కింది. రబ్బరు సాగింది. పట్టు జారలేదని చూసుకుని మీట వదిలేశాడు. బరువు అందుకున్నాడు.

ఇద్దరూ అతని చేతినే చూస్తున్నారు.

"ఏం? ఏం చూస్తున్నారు?"

"ఆ మీట," అన్నాడు మేనేజరు.

పెద్దల్లుడు తన చేతిని చూసుకున్నాడు. "అదా... పట్టు బిగిసిందో లేదో చూస్తాం కదా సార్. ఇనుముకి ఎప్పుడూ అంతే. ఇనుముకేం కాదు."

"రేపట్నించి ఈ గది కూడా నువ్వే చూడు," అన్నాడు మేనేజరు చిన్నల్లుడితో. వెళ్ళిపోయాడు.

పెద్దల్లుడు బరువు నేలమీద పెట్టాడు. గది తాళంచెవి బల్లమీద పెట్టాడు.

"నీకు ఎప్పట్నించి తెలుసు?"

"కొన్నాళ్ళుగా."

"మనిద్దరమే ఉన్నప్పుడు చెప్పొచ్చుగా."

"చెప్తే మానేసేవారు. ఇంక ఎవరికి కనపడేది?"

పెద్దల్లుడు తాళంచెవిని అతని వైపు తోశాడు. "సరే. ఇంటికెళ్ళి మీ వదినకి నువ్వే చెప్పు."

"చెప్తాను," అన్నాడు చిన్నల్లుడు. లాగిన ముక్కని ఊడదీసి బుట్టలో పడేశాడు. ఇంకోటి బిగించాడు. మీట జోలికి పోలేదు.