కంప్యూటర్‌లో పడిపోయిన అమోసు

ఊరిగాంలో బడి వ్యాన్ తోలే అమోసుకు, కూర్చున్న చోటి నుంచి లేస్తే కళ్లు తిరగడం మొదలైంది. ఈ సంగతి కూతురు షెరిన్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే స్టీరింగు పోతుంది. భార్య చనిపోయాక ఆయన బతుకులో మిగిలిన సందడంతా ఆ వ్యాన్‌లో పిల్లల అల్లరే.

షెరిన్ బెంగళూరులో పరిశోధన చేస్తోంది. ఒంట్లో రక్తం తిరిగే తీరును కంప్యూటర్‌లో లెక్కలుగా కట్టి, బీపీ ఎప్పుడు, ఎందుకు పడిపోతుందో చూడడం ఆమె పని. "అప్పా, నీ రీడింగులు ఇస్తే అచ్చం నీలాంటి మనిషినే దాంట్లో తయారు చేస్తాను. నీకు ఏ మాత్ర సరిపోతాదో ముందు వాని మీద చూడొచ్చు. నీ పేరు యాడా రాదు," అంది సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు. అమోసు మురిసిపోయాడు. పడుకోమంటే పడుకున్నాడు, లేవమంటే లేచాడు, చేతికి పట్టీ బిగించుకుని చెప్పినంతసేపు నిలబడ్డాడు. డాక్టరు మాటే వినని మొండి మనిషి కూతురి ముందు ఒకటో తరగతి పిల్లవాడైపోయాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె లాప్‌టాప్ తెరిచి, ఎగుడుదిగుడు గీత ఒకటి చూపించింది.

"ఇదే నువ్వు."

"బాగుండానా?"

"బాగుండావప్పా. నీళ్లు బాగా తాగు, చాలు," అని సాయంత్రం రైలెక్కి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున బడికి వెళితే వ్యాన్‌లో వేరే డ్రైవరు కూర్చుని ఉన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ శశికళ అమోసును లోపలికి పిలిచి కుర్చీ చూపించింది. ఎన్నడూ లేనిది కుర్చీ చూపించారంటే కొంప మునిగినట్టే. "మీకు కళ్లు తిరుగుతాయంట కదా," అంది.

"నేనెప్పుడన్నా బండిలో కళ్లు తిరిగి పడినానా మేడం?"

"లేదు అమోసప్పా. కంప్యూటర్‌లో పడిపోయినారంట. ఎండలో బ్యాగులు ఎక్కించి సీట్లో కూర్చున్నా, ఎప్పుడైనా అట్ల కావచ్చునంట. పిల్లల బండి కదా, మేమేం చేసేది?" అంటూ ఫోను ఇటు తిప్పింది. అదే గీత. పంపింది షెరిన్.

పిల్లల ప్రాణాల విలువ అమోసుకు తెలియక కాదు. తన ఎదుట "బాగుండావప్పా" అన్న నోరు పరాయివాళ్లకు నిజం చెప్పిందే, అదే ఆయన ఓర్చుకోలేకపోయాడు. ఇల్లు చేరగానే కూతురికి ఫోన్ చేశాడు.

"చెబితే నువ్వు వినవని అప్పా," షెరిన్ ఏడుస్తోంది. "ఎట్ల తిప్పి చూసినా దాంట్లో పడిపోతానే ఉండావు. నాకు భయమేసింది."

"నేను విననని కూడా ఆ కంప్యూటరే చెప్పిందా తల్లీ?"



"లేదప్పా. అది నేనే అనుకొన్నాను."

"నన్ను ఒక్క మాట అడిగింటే, నేనే పోయి బండి తాళం ఇచ్చేసి వచ్చింటాను," అన్నాడు అమోసు.

నిజంగా ఇచ్చేవాడో లేదో ఆయనకే తెలియదు. ఇక ఎన్నటికీ తెలిసే దారి లేకుండా చేసింది కన్నకూతురు.